నిలిచిన బండి, మారిన ఇంధనము

తాతతండ్రుల నాటి వస్తువొకటి మన చేతికి వచ్చినది. అది బహుకాలము మూలబడి యున్నది. అది నిలిచియున్న కాలమున లోకము మారినది; ఏ ఆహారము తిని అది బ్రతికినదో ఆ ఆహారము ఇప్పుడే అంగడిలోను దొరకదు. అట్టి వస్తువు విషయమున వారసుని ధర్మమేమి? ఉన్నదున్నట్లు గుడ్డ కప్పి కాపాడుటయా? నేడు దొరకు ఆహారమునకు దానిని అలవరచి నడిపించుటయా? నడిపించుటయే ధర్మమైనచో, దానియందెంత మార్చినను అది తాతగారి వస్తువుగానే నిలుచును?

ధర్మవిచారము వట్టి మాటలతో సాగినచో గాలిమేడ యగును. కావున ఒక ప్రత్యక్షవస్తువును ఎదుట నుంచుకొని విచారింతము. ఆ వస్తువు అంబాసిడరు కారు.

ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని, హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ వంగదేశమున ఉత్తరపారాలోని తమ కర్మాగారమున 1950ల చివర దీని నిర్మాణమునకు పూనుకొనిరి. 2014వ సంవత్సరము మే మాసమున ఆ నిర్మాణము నిలిచిపోయినది. బొంబాయిలో తయారై పిమ్మట పద్మిని యను పేర ప్రసిద్ధికెక్కిన ఫియట్ 1100 కారును, 1961 మొదలు మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు కారును దీని సహోదరములు. పరప్రాంతములలో స్థిరపడిన మన వర్తకులు, వకీళ్ళు, వైద్యులు నాడు కొన్నది ఈ మూడింటిలో నొకటియే. పిల్లల పెండ్లిండ్లకు స్వగ్రామము పోయినను, తిరుపతి కొండకు మ్రొక్కు చెల్లింప పోయినను ఆ కారులోనే పోయిరి. యజమాని గతించిన పిమ్మట పెక్కిండ్ల అది షెడ్డులో నిలిచిపోయెను. దానిని అమ్మ మనసొప్పదు; నడుప ధైర్యము చాలదు.

ఇట్టి ఇండ్ల మూడు పక్షములు ఏర్పడుట సహజము. దానిని తాకరాదు, నాన్నగారు విడిచినట్లే యుండవలెనని ఒకరందురు. పాత సామానుల వానికి తూకమున కమ్మి స్థలము ఖాళీ చేయుడని వేరొకరందురు. పెట్రోలు పోసి బయటికి తీయుడు, ఏమి యగునో చూతమని మూడవవారందురు. మొదటివారిది భక్తి, రెండవవారిది లెక్క, మూడవవారిది ఉత్సాహము. మూడును మంచివే. కాని వస్తుతత్త్వము నెరుగనిచో మూడును దారి తప్పును.

మొదట ఆ నాటి ఆహారమేమో తెలిసికొందము. ఆ కారులు పుట్టినప్పుడు పెట్రోలులో సీసము కలిసియుండెను. పెట్రోలు ఆవిరి సిలిండరులో అకాలమున భగ్గున మండి ఇంజనును సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేయుటను మెకానిక్కులు నాకింగు అందురు. దీని నణచుటకు అమెరికాలో జనరల్ మోటార్స్ వారి పరిశోధనాలయమున థామస్ మిడ్జిలీ యను నాతడు 1921 డిసెంబరులో సీససంబంధమైన ఒక ద్రవమును కనుగొనెను. 1923 ఫిబ్రవరిలో అది అంగడికి వచ్చెను. దానికి పెట్టిన పేరు ఈథైల్. ఆ పేరులో సీసమను మాటయే లేకుండుట గమనింపదగినది. సీసము విషమని లోకమునకు నాటికే తెలియును. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారమున ఈ ద్రవము సోకి అయిదుగురు పనివారు మతి చలించి మరణించిరి. విషవైద్యమున నిపుణురాలగు ఆలిస్ హామిల్టన్ దీనిని నిషేధింపుడని నాడే హెచ్చరించెను. కొలదికాలము అమ్మకము నిలిపి, 1926లో మరల సాగించిరి. మద్యసారము కలిపినను నాకింగు తగ్గునని మిడ్జిలీకిని, అతని పైవారికిని తెలియును. తెలిసియు సీసమునే ఎన్నుకొనిరి.

ఆ ఎన్నిక ఫలము డెబ్బది ఎనుబది ఏండ్లు లోకమనుభవించెను. కారు పొగతో వెలువడిన సీసము వీథి ధూళిలో చేరెను. ధూళి పసిపిల్లల చేతులకంటి నోటికి చేరెను. ఒకే మోతాదున పెద్దవారి దేహము గ్రహించు దానికి పసివారి దేహము నాలుగైదు రెట్లు గ్రహించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇంతవరకైన హానిలేదను హద్దు సీసమునకు లేదనియు చెప్పుచున్నది. అది ముఖ్యముగ దెబ్బతీయునది ఎదుగుచున్న మెదడును. మనదేశమున 1995 ఏప్రిలు 1 నుండి నాలుగు మహానగరములలో కొత్త కారుల కొరకు సీసము లేని పెట్రోలు అమ్మసాగిరి. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట అదియే అయ్యెను. 2021లో అల్జీరియా దేశము మానుటతో, భూమండలమున ఏ దేశమునను రోడ్డు వాహనములకు సీసపు పెట్రోలు పోయుట లేదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ శాఖ ప్రకటించెను.

ఇక్కడ మన విచారమునకు మొదటి మెట్టు దొరకుచున్నది. పాత కారుల ప్రియులు కొందరు, ఆ కాలపు పెట్రోలే పెట్రోలు, ఇప్పటిది నీళ్ళని నిట్టూర్తురు. ఆ నిట్టూర్పులో మమకారమున్నది, న్యాయము లేదు. ఆ ఇంజను మెత్తగా నడచిన మాట నిజమే. ఆ మెత్తదనమునకు మూల్యము చెల్లించినది కారులో కూర్చున్నవారు కారు, వీథిలో నాడుకొన్న పిల్లలు. ఆ కారు కొన్న తాతగారు దోషి కారు. ఆయన కెవ్వరును చెప్పలేదు. కాని ఇప్పుడు మనకు తెలిసినది. తెలిసిన పిదప అదే సౌఖ్యమును కోరుట తాతగారిని గౌరవించుట కాదు. ఆయన యెరుగక చేసినదానిని మనమెరిగి చేయుట యగును.

అయినచో ఆ ఇంజనుకు సీసము వలన నిజముగ కలిగిన మేలేమి? రెండు మేళ్ళు. మొదటిది నాకింగు నణచుట. మన పాత కారుల ఇంజనులలో ఒత్తిడి నేటి వానికన్న తక్కువ. నేటి పెట్రోలు ఆ పనికి చాలును. రెండవది సూక్ష్మమైనది. సిలిండరులోని పొగను బయటికి విడుచు వాల్వు నిముసమునకు వేయి మార్లకు పైగా తెరచుకొని మూసికొనుచు, ఎర్రగా కాగి, తన సీటుపై కూర్చుండును. సీసము మండగా మిగిలిన పలుచని పొర ఆ వాల్వుకును సీటుకును నడుమ మెత్తవలె నిలిచి, లోహము లోహమునకంటకుండ కాచెడిది. ఆ పొర లేనిచో వేడికి రెండు లోహములును సూక్ష్మముగ అతుకుకొని, తెరచునపుడు చిరిగి, సీటు క్రమముగ అరుగును. వాల్వు లోనికి దిగబడును. దిగబడినకొలది వాల్వు సందు తగ్గును. తుదకు వాల్వు పూర్తిగా మూతపడక కాలిపోవును.

అంబాసిడరులోను హెరాల్డులోను హెడ్డు పోత ఇనుముది. వాల్వు సీట్లను ఆ ఇనుములోనే తొలిచిరి. కావున వానికి ఈ భయము కలదు. ఫియట్ హెడ్డు అల్యూమినియముది. మెత్తని లోహము గనుక దానిలో గట్టి సీట్లను మొదటనే వేరుగ బిగించిరి. కావున దానికీ భయము చాల తక్కువ. ఒకే కాలమున పుట్టి, ఒకే వీథిలో తిరిగిన రెండు బండ్లకు రెండు గతులు. పాతవన్నియు ఒక్కటే యను మాట ఎంత తప్పో దీనినిబట్టి గ్రహింపనగును. పాతదానిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు దాని హెడ్డు విప్పి చూడవలెను.

భయమున్నచోటను ఉపాయము సులభమే. హెడ్డు విప్పి లేతు పనివానికిచ్చినచో, అరిగిన సీట్లను తొలిచి, గట్టి మిశ్రలోహపు సీట్లను బిగించును. బయటినుండి చూచువానికేమియు కానరాదు. ధ్వని మారదు, రూపు మారదు. హెడ్డు అప్పుడే విప్పనక్కరయును లేదు. ఆదివారము పూట నెమ్మదిగా పది మైళ్ళు తిరిగివచ్చు బండికి సీటు అరుగుట మిక్కిలి మెల్లగా జరుగును; ఎడతెగని వేగమును, భారమును దానిని త్వరపరచును. వాల్వు సందును అప్పుడప్పుడు కొలిచి వ్రాసికొనుచు, అది మాటిమాటికి తగ్గుచున్నదని తెలిసిననాడు సీట్లు మార్పించిన చాలును. కొరత బయట ఏర్పడినప్పుడు బలము లోపల కల్పించుకొనవలెను. సీసముతో తీరిన అవసరమును ఇప్పుడు గట్టి సీటు తీర్చుచున్నది, ఎవరి నెత్తురును విషము చేయకుండ.

కాని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పుమాట వేరొకటి కలదు. మూలబడిన కారును బయటికి తీసినప్పుడు కలుగు బాధలలో చాలవరకు కొత్త పెట్రోలు వలన వచ్చినవి కావు. నిలిచిపోవుట వలన వచ్చినవి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు కొన్ని మాసములలోనే చెడి, ఏండ్లు గడువగా జిగురై కార్బురేటరు జెట్లను మూసివేయును. ట్యాంకు లోపల తుప్పు పట్టును. బ్రేకు సిలిండర్లు బిగిసికొనును. రబ్బరు గొట్టములు పగులును. పిస్టను రింగులు గోడకంటుకొనును. అట్టి బండికి బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పుట సాహసము. పాత పెట్రోలును వంచివేసి, ట్యాంకు కడిగి, ప్లగ్గులు తీసి ఆ రంధ్రములలో కొంచెము నూనె పోసి, ఒక దినము నాననిచ్చి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలెను. అది తిరిగిన పిదప నూనె మార్చి, బ్రేకులు విప్పి సరిచేసి, ఆ తరువాతనే కొత్త పెట్రోలు మాట.

కొత్త పెట్రోలులోను నేడు వేరొక పదార్థమున్నది. అది మద్యసారము, అనగా ఎథనాలు. మనదేశమున 2003లో కొన్ని రాష్ట్రములలో నూటికి 5 పాళ్ళుగా మొదలై, 2022 నాటికి 10 పాళ్ళయ్యెను. 20 పాళ్ళ పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగుళూరులోనే ప్రారంభించిరి. 2025 నాటికి అది దేశమంతట వ్యాపించెను. వందేండ్ల క్రిందట మిడ్జిలీ ఎరిగియు ప్రక్కకు నెట్టిన పదార్థమే నేడు సీసము వెడలిపోయిన లోకమున ఆసనమెక్కినది. అయినను దానికిని గుణదోషములు కలవు. అది నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగున చేరి తుప్పు కలిగించును. పాత తరహా రబ్బరును ఉబ్బించి మెత్తబరచును. ఏండ్లనాటి జిగురును కరగించి జెట్లలోనికి తెచ్చును. దానిలో శక్తి పెట్రోలుకన్న మూడవవంతు తక్కువ; మార్పు చేయని పాత కార్బురేటరులో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. కావున గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను మద్యసారమునకు తాళునట్టివానిగా మార్చుట, ఫిల్టరు తగిలించి తరచు చూచుట, జెట్లను కొంచెము పెద్దవి చేయుట, ట్యాంకులో పెట్రోలు మాసముల తరబడి నిలువయుంచకుండుట అవసరము. ఇవి యన్నియు పెద్ద వ్యయములు కావు. శ్రద్ధ మాత్రము పెద్దది.

ఇక తాత్త్విక ప్రశ్నకు వత్తము. సీట్లు కొత్తవి, గొట్టములు కొత్తవి, జెట్లు కొత్తవి, బ్రేకులు కొత్తవి. ఇంకను అది తాతగారి కారేనా?

ఈ ప్రశ్న మన దేశమునకు కొత్తది కాదు. యవనరాజగు మిలిందుడు నాగసేనుడను భిక్షువును దర్శింప రథమెక్కి వచ్చెననియు, చక్రము రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని భిక్షువు అతని నడిగెననియు మిలిందపన్హమను పాలి గ్రంథమున కలదు. ఏ ఒక్క భాగమును రథము కాదు. భాగములన్నియు తగిన రీతిని కూడి పనిచేయునప్పుడు రథమను పేరు కలుగుచున్నది. ఈ దృష్టితో చూచిన షెడ్డులో కదలక పడియున్నదే తాతగారి కారు కాదేమో యని శంకింపవలసి వచ్చును. దానిలో భాగములన్నియు కలవు, నడక లేదు.

ఇంతకన్న ప్రత్యక్షమైన దృష్టాంతము ఒరిస్సాలోని మనవారందరెరిగినది. పురీ క్షేత్రమున అధికాషాఢము వచ్చు కొన్ని సంవత్సరములలో జగన్నాథునికి నవకళేబరోత్సవము జరుగును. కడపట 1996లోను, 2015లోను జరిగెను. వేపదారువుతో మూర్తులను కొత్తగా మలచి, పాతమూర్తులలోని బ్రహ్మపదార్థమును అర్ధరాత్రమున కొత్తవానిలోనికి చేర్తురు. దేహమంతయు మారెను; భక్తునికి మాత్రము ఆయన జగన్నాథుడే. పాతమూర్తులను అవతల పారవేయరు. కోయిలి వైకుంఠమను చోట మర్యాదతో భూస్థాపితము చేయుదురు. దక్షిణదేశపు ఆలయములలో జీర్ణోద్ధారణమునకును ఇట్టి మర్యాదయే కలదు. దేవుని కళను బాలాలయమునందుంచి, గుడి బాగుచేసి, మరల కుంభాభిషేకము చేయుదురు. మార్పు అపచారమని మన పెద్దలనలేదు. మర్యాద లేని మార్పే అపచారమనిరి.

దీనినుండి మూడు నియమములు తేలుచున్నవి. కొత్త ఆహారము సోకుచోటును, ప్రాణరక్షణకు పట్టైన బ్రేకుల వంటివానిని మార్చవలెను; తక్కినవానిని వినోదము కొరకు మార్చరాదు. తీసిన భాగమును, చేసిన పనిని తేదీతో వ్రాసియుంచవలెను. రేపటి వారసుడు, కొనువాడు మోసపోరాదు. మార్పు ఆ వస్తువు స్వభావమును నిలుపుటకే గాని మరుగుపరచుటకు కారాదు. అంబాసిడరు రూపునుంచి లోపల నేటి జపాను ఇంజను పెట్టుటలో నేరములేదు గాని, దానిని నాన్నగారి కారని చెప్పుటలో సత్యము లేదు. 2021 జూలైలో భారతప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకముగ రిజిస్ట్రేషను నిబంధనలేర్పరచి, చాసిస్, బాడీ, ఇంజను గణనీయముగ మారనివానికే ఆ గౌరవమిచ్చెను. చట్టమును తన భాషలో నాగసేనుని ప్రశ్ననే యడిగినది.

ఒక యాక్షేపణ మిగిలియున్నది. సీసము పోయినను ఆ పాత ఇంజను పొగ నేటి కారు పొగకన్న అధికము గదా, దానిని నడుపుటయే అధర్మము కాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. నిత్యము ఆఫీసునకు దానిలో పోవువానికి ఈ యాక్షేపణ గట్టిదే. ఏడాదిలో కొన్ని దినములు, బాగుగ సరిచేసిన ఇంజనుతో, అవసరమైనంత దూరమే నడుపువానికి అది బలహీనము. స్మృతికి సమాజము ఒక స్వల్పమూల్యము చెల్లింపవచ్చును. ఆ మూల్యమును స్వల్పముగ నుంచుట వారసుని విధి. తాతగారి పేర పొరుగువాని ఊపిరిని ఋణముగ తీసికొనరాదు.

ఈ విచారమంతయు కారు గూర్చియే గాని, పరప్రాంతమున తరములుగ నున్న మన కుటుంబములలో చదువరికి వేరొక మూలబడిన వస్తువు తోపకమానదు. ఇంటి తెలుగు, ఇంటి ఆచారము, పెట్టెలోని పుస్తకములు షెడ్డులోని బండివలె నున్న ఇండ్లనేకములు. కృష్ణగిరిలో తమిళము, బళ్ళారిలో కన్నడము, షోలాపురములో మరాఠీ, బరంపురములో ఒరియా పిల్లల నిత్యాహారము. ఆ ఆహారము మారినదని చింతించుట వ్యర్థము. అది వారి జీవనమునకు మంచిదే. దానిని నిషేధించి తెలుగును బ్రతికింతమనుట సీసపు పెట్రోలు కొరకు వెదకుట వంటిది. లోపలి సీటు గట్టిపడవలెను: అక్షరములు వ్రాయుట, ఇంటిలో దినమునకు కొంతసేపు మాటాడుట, అవ్వతాతలకు స్వయముగ ఉత్తరము వ్రాయుట. ఇట్టి చిన్న గట్టితనమున్న భాష ఏ పరిసరమునందైనను అరగదు.

మన ఆచారములలోను సీసమున్నదని చెప్పుటకు వెనుదీయరాదు. విధవరాలైన మేనత్త పెండ్లిపందిరిలోనికి రాక వెనుకగదిలో కూర్చుండుట, పనిమనిషికి వేరు గ్లాసు పెట్టుట ఆ నాటి సంసారమును చప్పుడు లేక నడిపించినవి. ఆ నిశ్శబ్దమునకు మూల్యమెవరు చెల్లించిరో ఇప్పుడు తెలియును. అవి లేనిచో మన సంప్రదాయము నడువదని భయపడువారు పందిరిని, పాటను, పంక్తిభోజనమును విప్పి చూడవలెను. వాని కా విషముతో అవసరము లేదు.

అయితే ఈ పోలికకు ఒక హద్దు కలదు, అది మరువరానిది. కారు ముప్పదియేండ్లు నిలిచినను, నేర్పరియైన మెకానిక్కు దొరకినచో మరల నడచును. రెండు తరములు పలుకక విడిచిన ఇంటిభాషను మరల నడపు మెకానిక్కు లేడు. దాని భాగములు దుకాణములో దొరకవు. అవి అవ్వ నోటిలో మాత్రమే యున్నవి. బండి విషయమున తొందర లేదు. రెండవదాని విషయమున కలదు.

కావున వారసుని ధర్మము ఇట్లు తేలుచున్నది. వచ్చినదానిని విప్పి, ఎరిగి, దానిలో ఇతరులకు హాని చేసినదానిని విచారము లేక విడిచి, కొత్తకాలమునకు తాళునట్లు లోపల బలపరచి, చేసినదానిని దాచక వ్రాసి, అప్పుడప్పుడైనను నడిపించి, నడచుస్థితిలో తరువాతివాని చేతికిచ్చుట. నిలిపియుంచినది తుప్పుపట్టును, తెలియక నడిపినది విరుగును, తెలిసి నడిపినది నిలుచును.